కంప్యూటర్ ల్యాబ్‌లో మన ఊరి చెరువు: పిల్లలందరూ కలిసి నేర్చుకునే వర్చువల్ ప్రపంచాన్ని ఎలా ఏర్పాటు చేయాలి?

వర్చువల్ ప్రపంచం అనగానే చాలామందికి తలకు తగిలించుకునే ఖరీదైన హెడ్‌సెట్ గుర్తొస్తుంది. ఇక్కడ దాని అవసరం లేదు. ఐదారు పాత కంప్యూటర్లు, వాటిని కలిపే ఒక వైఫై రూటర్, ఓపిక ఉన్న ఇద్దరు పెద్దలు చాలు. పిల్లలంతా ఒకే త్రీడీ లోకంలోకి వెళ్లి, బ్లాకు మీద బ్లాకు పేర్చి, తమ ఊరి చెరువును కడతారు. కడుతూ కడుతూ కొలతలు, భూగోళం, ఊరి చరిత్ర, తెలుగు రాయడం నేర్చుకుంటారు.

ఇది రాయడానికి అసలు కారణం తరగతిలో ఒక మూల కూర్చోబెట్టేసిన పిల్లలు. చూపు లేని అమ్మాయి, ఆటిజం ఉన్న అబ్బాయి, చేతులు వణికే పిల్లాడు, చెవులు వినపడని పిల్ల. కంప్యూటర్ పీరియడ్ వచ్చిందంటే వీళ్లకు పని ఉండదు. వర్చువల్ ప్రపంచంలో నడవడానికి కాళ్లలో బలం అక్కర్లేదు, నలుగురి ముందు గొంతు పెంచక్కర్లేదు, తప్పు కడితే కూల్చి మళ్లీ కట్టొచ్చు. కానీ ఈ వీలు దానంతట అది అందరికీ అందదు. మౌస్ పట్టుకోలేని పిల్లకి అది మరో మూసిన తలుపే. కాబట్టి లోపలికి రావడం ఎవరికి అందరికంటే కష్టమో, ప్లాన్ ఆ బిడ్డ దగ్గర మొదలుపెట్టండి. ఆ బిడ్డకు సరిపోయే ఏర్పాటులో మిగతావాళ్లు సులువుగా ఇమిడిపోతారు. ముందు అందరికీ అని కట్టేసి, చివర్లో వీళ్లకు ఒక కిటికీ తెరుద్దాం అనుకుంటే ఆ కిటికీ ఎప్పటికీ తెరుచుకోదు.

ఇది గాలిలో చెప్పే మాట కాదు. కెనడాకు చెందిన స్టువర్ట్ డంకన్ అనే తండ్రి 2013లో ఆటిజం ఉన్న పిల్లల కోసం ఆట్‌క్రాఫ్ట్ అనే సర్వర్ మొదలుపెట్టారు. బ్లాకులు పేర్చి కట్టే మైన్‌క్రాఫ్ట్ ఆటను అందరూ కలిసి ఒకే లోకంలో ఆడేలా నడిపే కంప్యూటరే ఇక్కడ సర్వర్. బయటి సర్వర్లలో ఈ పిల్లల్ని ఏడిపిస్తున్నారని, వాళ్లు కట్టినవి పగలగొడుతున్నారని తల్లిదండ్రులు చెప్పుకోవడం విని ఆయన ఆ పని చేశారు. ముందుగా అనుమతి పొందినవాళ్లే అందులోకి రాగలరు. కేట్ రింగ్లాండ్ అనే పరిశోధకురాలు ఆ సర్వర్‌ను దగ్గరగా అధ్యయనం చేశారు. ఎదుటి మనిషి ముఖంలోకి చూస్తూ మాట్లాడలేని పిల్లలు అక్కడ స్నేహాలు చేసుకున్న తీరు ఆ పరిశోధనల్లో కనిపిస్తుంది. ఇక ఐక్యరాజ్యసమితి హాబిటాట్ సంస్థ, మైన్‌క్రాఫ్ట్ తయారుచేసిన మోజాంగ్ కలిసి 2012లో మొదలుపెట్టిన బ్లాక్ బై బ్లాక్ కార్యక్రమంలో నైరోబీ నుంచి ముంబై దాకా మామూలు జనం తమ పార్కులు, వీధులు ఎలా ఉండాలో ఆటలో కట్టి చూపించారు. మన చెరువు ఆలోచనకు ఈ రెండూ ఆధారం.

మొదటి అడుగు: ముందు పిల్లలు, తర్వాతే కంప్యూటర్లు

పన్నెండు మందికి మించకుండా, 12 నుంచి 16 ఏళ్ల మధ్య వయసు పిల్లలతో మొదలుపెట్టండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని మాత్రమే ఒక చోట చేర్చకండి. అలా చేస్తే అది మరో వేరు గది అవుతుంది. అందరూ కలిసిన గుంపే కావాలి.

తర్వాత ఒక్కో బిడ్డతో, ఇంట్లోవాళ్లతో విడిగా మాట్లాడండి. "మీ అబ్బాయికి ఏం రాదు?" అని కాకుండా "ఫోన్ ఎలా పట్టుకుంటాడు? ఏ శబ్దం పడదు? అలిసిపోతే ఏం చేస్తాడు? ఏ ఆట ఇష్టం?" అని అడగండి. జవాబులు ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అయినా సర్టిఫికెట్ చేతికి రాని పిల్లలు ఊళ్లలో చాలామంది ఉంటారు. సర్టిఫికెట్ ఉంటేనే సౌకర్యం అనే మాట మీ గదిలో వినిపించకూడదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రంలో పనిచేసే ఐఈఆర్పీని, అంటే ఆ పిల్లలకు చదువు చెప్పే ప్రత్యేక టీచర్‌ను కలిస్తే ఆ పిల్లల గురించి మీకు తెలియని విషయాలు ఎన్నో చెబుతారు. ఫిజియోథెరపీ ఏ రోజు ఉంటుందో కూడా కనుక్కోండి, మీ క్లాసు ఆ రోజు పెట్టకుండా ఉంటారు.

ఇంకో సంగతి. సాయంత్రం ఐదు తర్వాత ఆడపిల్లల్ని ఉండనివ్వని ఇళ్లు ఎక్కువ. తమ్ముణ్ణి చూసుకోవాల్సిన పిల్ల కూడా ఉంటుంది. క్లాసు బడి వేళల్లోనే పెట్టించగలిగితే సగం సమస్య తీరుతుంది. లేదంటే తమ్ముణ్ణి కూడా తీసుకురమ్మనండి.

రెండో అడుగు: ఏ ప్రపంచం?

నా సలహా లువాంటి. 2010లో ఫిన్లాండ్‌కు చెందిన పెర్టు అహోలా మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ 2024 అక్టోబరు దాకా మైన్‌టెస్ట్ అనే పేరుతో ఉండేది. పూర్తిగా ఉచితం, సోర్స్ కోడ్ బయటే ఉంది. విండోస్, లైనక్స్, ఆండ్రాయిడ్ మూడింటిలోనూ నడుస్తుంది. చూడటానికి మైన్‌క్రాఫ్ట్‌లా ఉంటుంది కాబట్టి పిల్లలకు ఎక్కడానికి సమయం పట్టదు. మైన్‌క్రాఫ్ట్‌కు కూడా బడుల కోసం విడిగా మైన్‌క్రాఫ్ట్ ఎడ్యుకేషన్ ఉంది, దానిలో తయారుగా ఉన్న పాఠాలు బాగుంటాయి. కానీ లైసెన్సులు కొనాలి, ప్రతి బిడ్డకూ అకౌంట్ కావాలి. ఊరి బడికి అది భారమే.

ఉచితం అన్నదానికంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. లువాంటి మీ కంప్యూటర్లోనే, ఇంటర్నెట్ లేకుండా నడుస్తుంది. ఎవరి కంపెనీ సర్వర్ మీదో కట్టుకున్న లోకం వాళ్లు మూసేసిన రోజు పోతుంది. ఇలాంటి ఆన్‌లైన్ వర్చువల్ ప్రపంచాలే అయిన ఆల్ట్‌స్పేస్‌వీఆర్‌ను మైక్రోసాఫ్ట్ 2023 మార్చిలో, మొజిల్లా తన హబ్స్ సేవను 2024లో ఆపేశాయి. వాటిలో తరగతులు నడిపిన టీచర్లు మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాల్సి వచ్చింది. పిల్లలు కష్టపడి కట్టిన చెరువు ఒక పెన్‌డ్రైవ్‌లో మీ బీరువాలో ఉండాలి.

లువాంటికి ఒక పెద్ద లోటు ఉంది. తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ దానిని చదవలేదు. చూపు లేని పిల్లలకు అది పనికిరాదు. అందుకే దాని పక్కనే మాటలతో నడిచే రెండో ప్రపంచం కావాలి, ఆ సంగతి ఆరో అడుగులో.

మూడో అడుగు: సర్వర్ పెట్టడం

ఉన్నవాటిలో మంచి కంప్యూటర్‌ను సర్వర్‌గా పెట్టుకోండి. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్లలో కూడా వ్యూయింగ్ రేంజ్, అంటే ఆటలో ఎంత దూరం వరకు కనిపించాలో, తగ్గిస్తే లువాంటి బాగానే నడుస్తుంది. కొత్త వెర్షన్లలో ఆట విడిగా దించుకోవాలి. లువాంటి తెరిచి కంటెంట్ విభాగంలో మైన్‌టెస్ట్ గేమ్ అనే దాన్ని ఒక్కసారి ఇంటర్నెట్ ఉన్నప్పుడు దించుకుంటే చాలు, ఆ తర్వాత ఫోల్డర్‌ను మిగతా కంప్యూటర్లకు కాపీ చేసుకోవచ్చు. ఈ ఆటలో దయ్యాలు, రాక్షసులు ఉండవు. భయపడే పిల్లలకు అది పెద్ద ఊరట.

కొత్త వరల్డ్ సృష్టించేటప్పుడు చదునైన నేల, అంటే ఫ్లాట్ అనే రకం ఎంచుకోండి. క్రియేటివ్ మోడ్ ఆన్ చేయండి, డ్యామేజ్ ఆఫ్ చేయండి. హోస్ట్ సర్వర్ అనే చోట టిక్ పెట్టండి, పబ్లిక్‌గా ప్రకటించే టిక్ మాత్రం తీసేయండి. మిగతా కంప్యూటర్లలో జాయిన్ గేమ్‌లోకి వెళ్లి సర్వర్ కంప్యూటర్ ఐపీ అడ్రస్, పోర్ట్ దగ్గర 30000 కొట్టాలి. ఐపీ అడ్రస్ తెలియకపోతే విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొడితే కనిపిస్తుంది. కనెక్ట్ కాలేదంటే చాలాసార్లు కారణం ఫైర్‌వాలే. మొదటిసారి అడిగినప్పుడు ప్రైవేట్ నెట్‌వర్క్‌కు అనుమతి ఇవ్వండి. రూటర్ లేకపోతే ఒక ఫోన్ హాట్‌స్పాట్ కూడా చాలు, డేటా ఆపేసినా పరవాలేదు.

పిల్లలు రాకముందే నాలుగు పనులు ముగించండి. ఒకటి, ఖాళీ పాస్‌వర్డ్‌తో ఎవరూ రాకుండా చేసే సెట్టింగ్ ఆన్ చేయడం. రెండు, టైమ్ స్పీడ్‌ను సున్నా చేసి మధ్యాహ్నం పన్నెండుకు ఆపేయడం. అప్పుడు లోకంలో ఎప్పుడూ పగలే ఉంటుంది, చూపు తక్కువున్న పిల్లలు చీకట్లో తడుముకోరు. మూడు, రోల్‌బ్యాక్ రికార్డింగ్ ఆన్ చేయడం. ఎవరు ఏ బ్లాకు తీశారో అది గుర్తుపెట్టుకుంటుంది, పగలగొట్టినదాన్ని ఒక్క కమాండ్‌తో తిరిగి నిలబెట్టొచ్చు. ముందే ఆన్ చేసి ఉండాలి, తగువు అయ్యాక చేస్తే లాభం లేదు. నాలుగు, ఏరియాస్ అనే మోడ్ (mod), అంటే ఆటకు విడిగా జతచేసే చిన్న ప్రోగ్రామ్, పెట్టుకోవడం. దానితో ఒక్కో బిడ్డ కట్టిన చోటుకు హద్దులు గీసి కాపాడొచ్చు.

నాలుగో అడుగు: ప్రతి బిడ్డకూ తన సెట్టింగులు

చాలామంది ఈ పనిని పది నిమిషాల్లో కానిచ్చేస్తారు. దీనికి ఒక రోజు కేటాయించండి. మొదటి అడుగులో రాసుకున్న నోట్‌బుక్ పక్కన పెట్టుకుని, ఒక్కో బిడ్డను కూర్చోబెట్టి చేయండి.

చేతులు వణికే పిల్లలకు సేఫ్ డిగ్గింగ్ అండ్ ప్లేసింగ్ అనే సెట్టింగ్ ఆన్ చేయండి. అప్పుడు బటన్ ఎంతసేపు నొక్కి ఉంచినా ఒక్క బ్లాకే పడుతుంది, ఒక్క బ్లాకే పోతుంది. మౌస్ సెన్సిటివిటీ బాగా తగ్గించండి. ఆటోజంప్ ఆన్ చేస్తే మెట్టు ఎదురైనప్పుడు విడిగా ఎగరక్కర్లేదు. ముందుకు నడవడానికి కీని నొక్కి పట్టుకోలేని పిల్లలకు ఆటోఫార్వర్డ్ అనే కీ కేటాయించుకోవచ్చు, ఒకసారి నొక్కితే నడుస్తూనే ఉంటారు. ఒక్క చేత్తో ఆడేవాళ్లకు కీలన్నీ కీబోర్డులో ఒక పక్కకు మార్చేయొచ్చు. రెండు కీలు కలిపి నొక్కాల్సిన చోట విండోస్‌లోని స్టిక్కీ కీస్ సాయపడతాయి. మౌస్ కంటే ఫోన్ తెర సులువనిపించే పిల్లలు ఉంటారు, వాళ్లను ఆండ్రాయిడ్ ఫోన్‌తోనే రానివ్వండి.

ఎగిరే అనుమతి, అంటే ఫ్లై ప్రివిలేజ్, మొదటి రోజు నుంచే అందరికీ ఇవ్వండి. కట్ట ఎక్కలేక ఇబ్బందిపడే బిడ్డకు మాత్రమే ఇస్తే ఆ బిడ్డ వేరుగా కనిపిస్తుంది. అందరికీ ఉంటే అది ఆటలో ఒక భాగం. ఏ సౌకర్యం విషయంలోనైనా నేను పాటించే పద్ధతి ఇదే.

కళ్లు తిరిగే పిల్లలకు వ్యూ బాబింగ్‌ను, అంటే నడిచేటప్పుడు తెర ఊగడాన్ని, సున్నాకు తెచ్చి, ఫీల్డ్ ఆఫ్ వ్యూ, అంటే చూపు వెడల్పును, కొంచెం పెంచండి. చూపు తక్కువున్నవాళ్లకు అక్షరాల సైజు, మెనూల సైజు పెంచండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని పిల్లాడు ప్రతి గుంపులో ఉండొచ్చు, కాబట్టి "ఎర్ర బ్లాకుల దగ్గరికి రండి" అనకుండా "చారల బ్లాకుల దగ్గరికి" అనండి. శబ్దం పడని పిల్లలకు సౌండ్ పూర్తిగా తీసేయండి.

చెవులు వినపడని పిల్లల విషయంలో ఎక్కువమందికి తట్టని మాట ఒకటుంది. వాళ్లు ఒకేసారి తెరనూ మీ చేతులనూ చూడలేరు. మిగతా పిల్లలు ఆడుతూనే మీ మాట వింటారు, వీళ్లకు అది కుదరదు. కాబట్టి ఏదైనా చెప్పాలంటే ముందు అందరి ఆట ఆపండి. గదిలో లైటు ఒకసారి ఆర్పి వెలిగిస్తే అందరూ చేతులు మౌస్ మీద నుంచి తీసి మీ వైపు తిరగాలి, ఇదీ సంకేతం. అప్పుడు సైగలతో, బోర్డు మీద బొమ్మతో చెప్పండి. చెప్పడం ముగిశాకే ఆట. ఇలా చేస్తే శ్రద్ధ నిలవని పిల్లలకు కూడా మాట బాగా ఎక్కుతుంది.

ఐదో అడుగు: తెలుగు అక్షరాల చిక్కు

లువాంటిలో బోర్డు మీద తెలుగు రాసి చూడండి. గుణింతాలు, ఒత్తులు అతకవు. కొన్ని కంప్యూటర్లలో అక్షరాల బదులు ఖాళీ గళ్లు కనిపిస్తాయి. తెలుగు మాత్రమే చదవగలిగే పిల్లలకు ఇది పెద్ద అడ్డంకి.

దీనికి చక్కని దారి ఉంది. పిల్లలతో తెల్ల కాగితం మీద స్కెచ్ పెన్‌తో పెద్ద అక్షరాలతో పేర్లు రాయించండి: తూము, అలుగు, కట్ట మైసమ్మ, పెద్ద మర్రి. వాటిని ఫోన్‌తో ఫొటో తీసి, చదరంగా కత్తిరించి, ఒక చిన్న మోడ్‌లో బ్లాకు బొమ్మగా పెట్టొచ్చు. లువా భాషలో ఒక్కో బోర్డుకు కొన్ని వరుసల కోడ్ చాలు. డిగ్రీ కాలేజీలో కంప్యూటర్స్ చదివే అన్నయ్యో అక్కయ్యో ఒక మధ్యాహ్నంలో చేసిపెడతారు. అప్పుడు ఆ లోకమంతా పిల్లల చేతిరాతతో నిండుతుంది. అక్షరం సరిగా కుదరని పిల్లాడి చేతిరాత కూడా అలుగు మీద నిలబడుతుంది. అచ్చు అక్షరాల కంటే నాకు ఇదే ఇష్టం.

చాట్‌లో మాత్రం పిల్లలు వాట్సాప్‌లో రాసినట్టే ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసుకుంటారు, రాయనివ్వండి.

ఆరో అడుగు: మాటలతో కట్టిన చెరువు

తెర మీద బొమ్మలు రాకముందు వర్చువల్ ప్రపంచాలు మాటలతోనే ఉండేవి. బ్రిటన్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ 1978లో తయారుచేసిన మడ్ అనే ఆట అలాంటిదే. "కట్ట మీద నిలబడ్డావు, ఎడమ పక్క నీళ్లు" అని ఆట చెబుతుంది, మీరు ఎటు వెళ్లాలో టైప్ చేస్తారు. చూపు లేనివాళ్లు ఈ తరహా ఆటలను ఎన్నో ఏళ్లుగా ఆడుతున్నారు, ఎందుకంటే మొత్తం అక్షరాలే కాబట్టి స్క్రీన్ రీడర్ చదివేస్తుంది.

ఇలాంటి ప్రపంచాన్ని కట్టుకోవడానికి ఎవెన్నియా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. పైథాన్ భాషలో నడుస్తుంది. అదే సర్వర్ కంప్యూటర్లో పెట్టి, పిల్లల కంప్యూటర్లో బ్రౌజర్ తెరిచి సర్వర్ అడ్రస్, 4001 పోర్టుకు వెళితే చాలు. బ్రౌజర్లో కాబట్టి తెలుగు చక్కగా కనిపిస్తుంది. ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌తో పాటు వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగు చదువుతుంది. ఆ గొంతు కాస్త యంత్రంలా ఉంటుంది, రెండు మూడు క్లాసుల్లో చెవికి అలవాటైపోతుంది.

ఎవెన్నియాలో డిగ్ (dig) అనే కమాండ్‌తో ఒక చోటు పుడుతుంది, డెస్క్ (desc) అనే కమాండ్‌తో దానికి వర్ణన రాస్తారు. ఒక చోటు నుంచి ఇంకో చోటుకు ఉండే దారికి "తూము" అని పేరు పెడితే, ఆ మాట టైప్ చేసిన బిడ్డ తూము దగ్గరికి చేరుతుంది. మొదటి రెండు మూడు చోట్లు మీరే చేసి చూపించండి. తర్వాత వదిలేయండి, వాళ్లే కడతారు.

ఇక్కడ ఒక షరతు పెట్టుకోండి. మాటల చెరువు బొమ్మల చెరువుకు నకలు కాకూడదు. బ్లాకుల్లో కట్టేవాళ్లు తూము ఎక్కడ పెట్టాలో తెలుసుకోవాలంటే మాటల చెరువులోకి వచ్చి చదవాలి. మాటల్లో రాసేవాళ్లకు కట్ట పొడవెంతో బ్లాకుల వాళ్లు లెక్కపెట్టి చెప్పాలి. ఒకరి పని ఇంకొకరికి అవసరమయ్యేలా పనులు పంచితేనే అది కలిసి చదవడం అవుతుంది.

ఏడో అడుగు: నియమాలు, ఒక నిశ్శబ్ద గది

నియమాలు పిల్లల చేతే చెప్పించండి. ఐదుకు మించొద్దు. ఇంకొకరు కట్టింది అడగకుండా తీయకూడదు, ఎవరినీ వెక్కిరించే పేర్లతో పిలవకూడదు, లైటు ఆరితే ఆగాలి, ఇలాంటివి. బొమ్మలతో గోడకు అంటించండి.

ఆట్‌క్రాఫ్ట్‌లో తట్టుకోలేనంత హడావిడి అనిపించినప్పుడు వెళ్లి కూర్చునే ప్రశాంతమైన గదులు ఉన్నాయి. మీ లోకంలోనూ ఒకటి కట్టండి. నీలం, తెలుపు బ్లాకులు, ఒక చిన్న నీటి గుంట, చుట్టూ గోడ. అందులోకి వెళ్లిన బిడ్డను ఎవరూ పలకరించకూడదు, ఎందుకు వెళ్లావని మీరూ అడగకూడదు. అలాగే కంప్యూటర్ గదిలోనూ ఒక మూల చాప వేసి ఉంచండి. తెరలోని గది ఒక్కటే సరిపోదు.

ఎనిమిదో అడుగు: మొదటి రోజు

మొదటి రోజు పాఠం పెట్టొద్దు. నడవడం, ఎగరడం, బ్లాకు పెట్టడం, తీయడం, నిశ్శబ్ద గదికి దారి. ఇవి చాలు. ప్రతి బిడ్డా నాలుగు బ్లాకుల చదరంలో తనకు నచ్చినది ఏదో ఒకటి కట్టి, దాని గురించి ఒక మాటో సైగో చెప్పాలి. ఇంటరాక్ట్ అనే అనుమతి తీసేస్తే ఆ బిడ్డ తిరిగి చూడగలదు గానీ ఏదీ మార్చలేదు. చూసి చూసి ధైర్యం తెచ్చుకునే పిల్లలకు మొదటి గంట ఇలా గడపడమే హాయి, వాళ్లే అడిగితే అలా ఉంచండి. శిక్షగా మాత్రం వాడొద్దు.

ముగించే పది నిమిషాల ముందు, ఐదు నిమిషాల ముందు, ఒక నిమిషం ముందు గుర్తు చేయండి. ఉన్నట్టుండి ఆపేస్తే ఆటిజం ఉన్న పిల్లలకే కాదు, ఎవరికైనా కోపం వస్తుంది.

తొమ్మిదో అడుగు: చెరువు కట్టడం

ఇప్పుడు అసలు పని. చెరువునే ఎంచుకోవడానికి కారణం ఉంది. తెలంగాణలో, రాయలసీమలో ఊరి చెరువు తెలియని పిల్లలు తక్కువ. కాకతీయుల కాలం నాటి పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తున్నాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువు మీ ఊళ్లోనే ఉండొచ్చు. చెరువు గురించి తాతకు తెలుసు, చేపలు పట్టేవాళ్లకు తెలుసు, పొలాలకు నీళ్లు వదిలే నీరటికి తెలుసు. పిల్లలు అడగడానికి మనుషులు దొరుకుతారు.

ముందు నిజం చెరువుకు వెళ్లండి. వీల్‌చైర్ వెళ్లే దారి ఉందో లేదో ముందురోజు చూసుకోండి. లేకపోతే ఆటో కట్ట మీదికి ఎంతవరకు వెళుతుందో కనుక్కోండి. అక్కడ ప్రతి బిడ్డకూ ఒక పని. కొందరు కట్ట పొడవును అడుగులతో లెక్కపెడతారు, తర్వాత టేపుతో తమ అడుగు పొడవు కొలిచి మీటర్లలోకి మారుస్తారు. కొందరు బొమ్మ గీస్తారు. చూపు లేని పిల్లలు శబ్దాలు, వాసనలు, కాళ్ల కింద నేల మార్పులు ఫోన్‌లో చెప్పి రికార్డు చేస్తారు. కట్ట మీద రాళ్లు ఎక్కడ మొదలయ్యాయి, తూము దగ్గర నీటి చప్పుడు ఎటు నుంచి వచ్చింది, గాలి ఎక్కడ చల్లబడింది. మాటల చెరువుకు ఇదే ముడిసరుకు. చూపు ఉన్న పిల్లలు ఈ రికార్డింగులు విన్నాక తాము గమనించనివి ఎన్ని ఉన్నాయో తెలుసుకుంటారు.

ల్యాబ్‌కు వచ్చాక లెక్క సులువు. ఆటలో ఒక బ్లాకు ఒక మీటరు అనుకోండి. చెరువు మరీ పెద్దదైతే ఒక బ్లాకు ఐదు మీటర్లు. ఎంత స్కేలు పెట్టాలో పిల్లల చేతే తేల్చించండి. ఏడో తరగతి నిష్పత్తులు ఇక్కడ ప్రాణం పోసుకుంటాయి.

పనులు పంచేటప్పుడు ఒక్క జాగ్రత్త. నెమ్మదిగా నేర్చుకునే బిడ్డకు ఊరికే ఏదో ఒకటి అని పని ఇవ్వొద్దు. కట్ట మీద పది అడుగులకొక చెట్టు నాటడం చిన్న పనే, కానీ ఆ చెట్లు లేకపోతే చెరువు పూర్తికాదని అందరికీ తెలియాలి. ఆ పనిని మూడు బొమ్మల కార్డుల్లో చూపించండి: పది లెక్కపెట్టు, మొక్క పెట్టు, మళ్లీ నడువు.

ఇద్దరికి ఒక కంప్యూటర్ ఉన్నచోట ఒకరు మౌస్, ఒకరు ప్లాన్ చూస్తారు. పది నిమిషాలకోసారి మారాలి. చేతులు కదలని బిడ్డ ఎప్పుడూ సలహాలిచ్చే కుర్చీలోనే మిగిలిపోతే మన పని జరగనట్టే. ఆ బిడ్డకు ఏ సెట్టింగ్ మారిస్తే మౌస్ చేతిలోకి వస్తుందో మళ్లీ నాలుగో అడుగుకు వెళ్లి చూడండి.

నీళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆట తనంత తానే పాఠం చెబుతుంది. లువాంటిలో నీటి బ్లాకు పెడితే చదునైన నేల మీద కొన్ని బ్లాకుల దూరం పారి ఆగిపోతుంది. తూము నుంచి పొలం దాకా కాలువ తవ్విన పిల్లలు నీళ్లు మధ్యలో ఆగిపోవడం చూసి మిమ్మల్ని పిలుస్తారు. జవాబు చెప్పకండి. నీళ్లు ఆగే చోటుకు ముందే నేలను ఒక మెట్టు దించితే నీళ్లు మళ్లీ కదులుతాయని వాళ్లే కనిపెట్టనివ్వండి. కాలువకు వాలు ఎందుకు కావాలో అప్పుడు అర్థమవుతుంది. నిజం కాలువల్లో ఆ వాలు చాలా తక్కువ, కిలోమీటర్ల దూరానికి ఒక మీటరు అలా ఉంటుందని తర్వాత చెప్పండి.

ఇంకో సంగతి పిల్లలు తప్పకుండా పట్టుకుంటారు. ఆటలో నీళ్లు తరగవు. రెండు నీటి బ్లాకుల మధ్య ఖాళీ ఉంచితే అక్కడ మూడోది పుడుతుంది. ఎంత పారించినా చెరువు నిండే ఉంటుంది. మన ఊళ్లో అలా ఉంటుందా అని అడగండి. ఏప్రిల్‌లో చెరువు ఎలా ఉంటుంది, ఆయకట్టు చివరి పొలానికి నీళ్లు ఎప్పుడు అందుతాయి, ఎవరి వంతు ఎవరు నిర్ణయిస్తారు? ఇక్కడ ఆట ఆపి ఊరి నీరటిని పిలిపించి మాట్లాడించండి. ఆ తర్వాత పిల్లలు తామే నీళ్ల వంతుల పట్టిక రాసి, వంతు లేనప్పుడు తూము దగ్గర రాయి బ్లాకు పెట్టి నీళ్లు ఆపడం మొదలుపెడతారు. చివరి పొలం కావాలని పిల్లల్లో ఎవరికి ఇచ్చారో గమనించండి. ఎప్పుడూ చివర మిగిలిపోయే బిడ్డకే ఇచ్చి ఉంటే, వంతులు తిప్పించండి.

పదో అడుగు: భద్రత

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లంతా పిల్లలే. వాళ్ల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. మీరు ఆఫ్‌లైన్లో నడిపినా తెలుగులో ఒక పేజీ రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకోండి. ఆటలో అసలు పేర్లు వద్దు, పక్షుల పేర్లో చెట్ల పేర్లో పెట్టుకోమనండి. పిల్లల వైకల్యం వివరాలున్న నోట్‌బుక్ తాళం లోపల ఉండాలి. ఫొటోలు గ్రూపుల్లో పెట్టొద్దు.

చాట్ మాటలు సర్వర్‌లో నమోదవుతాయి, ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పండి. గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలి. ఏ బిడ్డ అయినా భయంగా, బాధగా ఏదైనా చెబితే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయండి. ఆన్‌లైన్ మోసం, డబ్బుల వ్యవహారం అయితే 1930. ఈ రెండు నంబర్లూ గోడ మీద ఉండాలి.

అడ్డంకులు వచ్చినప్పుడు

ఎవరో ఒకరు కట్టను పగలగొడతారు. ముందు రోల్‌బ్యాక్‌తో కట్టను నిలబెట్టండి, తర్వాతే మాట్లాడండి. కట్ట తిరిగి వచ్చేసిందని చూస్తే ఏడుస్తున్న పిల్ల ఊరుకుంటుంది, పగలగొట్టినవాడితో మాట్లాడటం కూడా తేలికవుతుంది. చాలాసార్లు వాడికి చేయడానికి పని లేకపోవడమే కారణం.

ఒకడు అన్నీ తానే కట్టేస్తుంటాడు. వాడికి మిగతావాళ్ల సందేహాలు తీర్చే పని ఇవ్వండి, కానీ చేతులు వెనక పెట్టుకుని మాటలతోనే చెప్పాలి.

కరెంటు పోతుంది. సర్వర్ కంప్యూటర్‌కు ఒక యూపీఎస్ ఉంటే నష్టం ఉండదు. ఆ వేళ కాగితం గళ్ల మీద తర్వాతి భాగం గీయించండి. మాటల చెరువును ఒకరు చదువుతుంటే మిగతావాళ్లు కళ్లు మూసుకుని అందులో నడవచ్చు, దానికి కరెంటే అక్కర్లేదు.

తల్లిదండ్రులు "ఇదంతా వీడియో గేమే కదా, మార్కులకేం ఉపయోగం?" అని అడుగుతారు. వాదించకండి. ఒక శనివారం వాళ్లను పిలిచి, వాళ్ల బిడ్డ చేతే చెరువంతా చూపించండి.

ఏం గమనించాలి

కట్టడం ఎంత అందంగా వచ్చిందన్నది ముఖ్యం కాదు. ఈ వారం ఎవరు ఎవరిని సాయం అడిగారు? ఎవరు ఎవరికి నేర్పారు? నిశ్శబ్ద గదికి వెళ్లిన బిడ్డ ఎంతసేపటికి తనంత తానే తిరిగి వచ్చింది? ఎవరి పేరు ఎవరి నోటా రాలేదు? క్లాసు అయిపోగానే ఇద్దరు పెద్దలూ కూర్చుని ఒక్కో బిడ్డ గురించి ఒక్క వాక్యం రాయండి. రాయడానికి ఏమీ తోచని పేరు ఉంటే, వచ్చే వారం ప్లాన్ ఆ పేరు దగ్గర మొదలుపెట్టండి.

నేర్చుకున్నది చూపించే దారి కూడా అందరికీ ఒకటే అక్కర్లేదు. ఒకరు నోటితో చెబుతారు, ఒకరు సైగలతో, ఒకరు చెరువులో వెంట తిప్పి చూపిస్తారు, ఒకరు ఎఫ్12 కీతో తీసిన ఫొటోలను వరుసగా పేరుస్తారు.

సంవత్సరం చివర్లో వరల్డ్ ఫోల్డర్‌ను, ఎవెన్నియా ఫోల్డర్‌ను రెండు పెన్‌డ్రైవ్‌లలో కాపీ చేసి ఒకటి బడిలో, ఒకటి మీ దగ్గర ఉంచండి. పదో తరగతి పూర్తిచేసి వెళ్లే పిల్లల్లో ఇద్దరికి సర్వర్ నడిపే అనుమతులు ఇచ్చి, జూన్‌లో కొత్త పిల్లలు వచ్చినప్పుడు వాళ్లతోనే మొదటి రోజు నడిపించండి. ఆ ఇద్దరిలో ఒకరు మాటల చెరువు కట్టినవాళ్లు అయి ఉండాలి.